స్టార్టప్‌కి మెంటర్‌గా ఎవరిని పట్టుకోవాలి? ఆరు రకాల మనుషులు, వాళ్లతో లాభనష్టాలు

గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు. ఎదురుగా ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి లెక్కల కోసం మేం కట్టిన యాప్ ఉన్న ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని రెండు మూడు స్క్రీన్లు చూశారు. తర్వాత ఒకటే అడిగారు: "సరుకు రైతే వచ్చి విడిపించుకుంటాడని మీకెవరు చెప్పారు బాబూ?"

నేనూ మా కో-ఫౌండరూ మొహమొహాలు చూసుకున్నాం. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించగానే సరుకు జమైనట్టు రైతుకి బాండు రాసిస్తారు, అంతవరకు మాకు తెలుసు. ఆ బాండు చాలాసార్లు బ్యాంకులో తాకట్టులో ఉంటుందనీ, లేదంటే పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ ఏజెంటు బీరువాలో ఉంటుందనీ, వాళ్లు సరేనంటేగానీ ఒక్క టిక్కీ గేటు దాటదనీ తెలీదు. మా యాప్‌లోనేమో రైతు ఫోన్‌కి ఓటీపీ వస్తే చాలు, సరుకు బయటికే. ఐదు నెలలు కూర్చుని కట్టిన పని అది. ఆయన టీ ఇంకా చల్లారనేలేదు.

అప్పటికే మాకొక మెంటర్ ఉన్నారు. హైదరాబాద్‌లో పెద్ద పేరు. ఇన్వెస్టర్లకి చూపించే పిచ్ డెక్ చివరి స్లైడులో ఆయన ఫొటో పెట్టుకుని మురిసిపోయేవాళ్లం. ఏడాదిలో మూడుసార్లు టైమిచ్చారు, మూడుసార్లూ "మిర్చి ఒక్కటే అంటే మార్కెట్ చిన్నది, పెంచి చూపించండి" అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు. ఇన్వెస్టర్ల ముందు నిలబడే రోజున పనికొచ్చే మాటే. మేమింకా ఆ రోజుకి చేరలేదు.

"అన్నా, మెంటర్‌గా ఎవరైతే బావుంటుంది?" అని ఎవరడిగినా నేను ఎదురు అడిగేది ఒకటే: ఈ నెలలో నీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏంటి? దానికి జవాబు లేకుండా మెంటర్‌ని వెతకడం, జబ్బేంటో తెలీకుండా మంచి డాక్టరెవరని అడగడం లాంటిది.

## ముందు కొలతలు

మంచి మెంటర్ లక్షణాలంటూ పెద్ద పెద్ద జాబితాలు చెబుతారు. ఓర్పు, దూరదృష్టి, స్ఫూర్తినివ్వడం... పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి గుణగణాలు చెప్పినట్టుంటాయి, ఎవరికైనా అతుకుతాయి. నేను నాలుగే చూస్తాను.

మీ చిక్కుముడి ఆయన స్వయంగా విప్పారా? విప్పి ఎన్నాళ్లైంది? పదిహేనేళ్ల కింద కంపెనీ పెట్టి గెలిచినాయన మనుషుల్ని అంచనా వేయడంలో ఇవాళ్టికీ దిట్టే కావచ్చు. కస్టమర్లంతా వాట్సాప్‌లోనే ఆర్డరు పెట్టే కాలంలో ధర ఎలా నిర్ణయించాలో మాత్రం ఆయనకి కొత్తే.

చెడ్డవార్త చెప్పగలరా? నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కొలత ఇదే. వచ్చే నెల జీతాలకి అకౌంట్లో డబ్బుల్లేవు. కో-ఫౌండర్ వెళ్లిపోతానంటున్నాడు. రాత్రి పదకొండింటికి ఎవరికి ఫోన్ చేస్తారు? మెంటర్ పేరు కాకుండా ఇంకో పేరు మనసులోకి వస్తే, మీ అసలు మెంటర్ ఆ రెండో మనిషే.

ఆయన లాభం ఎక్కడుంది? ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ఉంటుంది. వాటా, ఫీజు, పేరు, కాలక్షేపం, తను పడ్డ కష్టం ఇంకొకరు పడకూడదన్న తపన. ఏదైనా తప్పు కాదు. అదేంటో మనకి తెలియకపోవడమే తప్పు.

అడుగుతారా, చెప్పేస్తారా? మొదటి కలయికలో లెక్కపెట్టండి. గంటలో ఆయన మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగారు, మీరు సగం చెప్పేలోపు ఎన్నిసార్లు తీర్పిచ్చారు? "నాకు తెలీదు, ఫలానా ఆయన్ని అడుగుదాం" అన్నారా? ఒక్కసారైనా అన్నవాళ్లని వదులుకోకండి.

హోదా, లింక్డ్‌ఇన్ ఫాలోయర్లు, వేదికల మీద ప్రసంగాలు ఈ నాలుగింట్లో ఎక్కడా లేవని గమనించే ఉంటారు.

## ఒక్క చూపులో

| ఎవరు | దేనికి పనికొస్తారు | ఎక్కడ తేడా కొడుతుంది | చెడ్డవార్త చెప్పొచ్చా | ఖర్చు |
|---|---|---|---|---|
| రెండడుగులు ముందున్న ఫౌండర్ | మొదటి కస్టమర్లు, మొదటి ఉద్యోగులు, ధర | తన కంపెనీలో మంటలు లేస్తే మాయం | నిక్షేపంగా | ఎక్కువగా ఉచితమే |
| రంగంలో పండినవాళ్లు | అసలు పని ఎలా జరుగుతుందో చెప్పడం | "ఇక్కడ అవి కుదరవు" అనే అలవాటు | చెప్పొచ్చు | గౌరవం, దారి ఖర్చులు, వీలైతే నెలకింత అని రిటైనర్ |
| ఇన్వెస్టర్ | ఫండింగ్, పరిచయాలు, లెక్కల క్రమశిక్షణ | మీ మంచీ ఆయన మంచీ వేరయ్యే రోజు | నోరు రాదు | వాటా |
| ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చోటు, సలహా ఇచ్చే సంస్థ) కేటాయించిన మెంటర్ | తొలి దిశ, గ్రాంట్లు, ల్యాబులు | పది మంది, పది సలహాలు | మనిషిని బట్టి | ఉచితం, లేదా ప్రోగ్రామ్ షరతులు |
| అమెరికాలో ఉన్న బంధువు, సీనియర్ | అక్కడి కస్టమర్లు, ప్రొడక్ట్ అలవాట్లు | ఇక్కడి నేల తెలియకపోవడం | సాయంత్రానికి అమ్మకి తెలుస్తుంది | మొహమాటం |
| ఫీజు తీసుకునే కోచ్ | ఒక్క నిర్దిష్టమైన నైపుణ్యం | కథ ముగించాలని ఆయనకి ఉండదు | చెప్పొచ్చు | గంటకింత |

## రెండడుగులు ముందున్న ఫౌండర్

మీకంటే రెండు మూడేళ్ల ముందు మొదలుపెట్టి, ఇంకా బతికే ఉన్న కంపెనీ వాళ్లు. మాకు దొరికినావిడ విజయవాడలో మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవారు. మేం అక్కా అనేవాళ్లం. మొదటి పైలట్, అంటే వాడి చూడటానికిచ్చే తొలి విడత, ఉచితంగా ఇద్దామనుకుంటున్నామని చెబితే కయ్యిమన్నారు. "నెలకి ఐదొందలైనా తీసుకోండి. డబ్బు కట్టినోడే ఫోన్ చేసి తిడతాడు. ఫ్రీగా తీసుకున్నోడు యాప్ తెరవడు, బావుందనే చెబుతాడు." మేం ఐదొందలు తీసుకున్నాం. తిట్లు కూడా తిన్నాం. మా సాఫ్ట్‌వేర్ బాగుపడింది ఆ తిట్లతోనే.

ఈ రకం వాళ్ల బలం, గాయం ఇంకా పచ్చిగా ఉండటం. ఏ అకౌంటెంట్ జీఎస్టీ రిటర్నులు ఆలస్యం చేస్తాడో, సేల్స్ కుర్రాడికి కమీషన్ ఎంతిస్తే నిలబడతాడో వాళ్లకి నోటి మీద ఉంటుంది. బలహీనత కూడా అక్కడే. తాము నడిచిన దారి ఒక్కటే దారనుకుంటారు. పైగా వాళ్ల కంపెనీ కష్టాల్లో పడితే రెండు నెలలు ఫోన్ ఎత్తరు. దానికి నొచ్చుకోకూడదు, రేపు మనమూ అదే చేస్తాం. మీ కస్టమర్లే వాళ్ల కస్టమర్లు కూడా అయితే మాత్రం ఎంత మంచివాళ్లైనా వద్దు.

## రంగంలో పండినవాళ్లు

రెడ్‌బస్ కథ చాలామందికి తెలిసిందే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకని సామా ఫణీంద్ర, బిట్స్ పిలానీలో తనతో చదువుకున్న ఇద్దరు స్నేహితులు కలిసి 2006లో పెట్టిన కంపెనీ. ముగ్గురూ ఇంజినీర్లే. బస్సుల వ్యాపారం ఎలా నడుస్తుందో ముగ్గురికీ తెలీదు. వ్యాపారవేత్తల సంఘమైన టై సంస్థ బెంగళూరు చాప్టర్ నడిపిన కార్యక్రమంలో వాళ్లకి మెంటర్లు దొరికారు. కోడ్ రాయడం వచ్చిన ఆ ముగ్గురికి అప్పుడు కావాల్సింది కోడ్ గురించి చెప్పేవాళ్లు కాదు, వ్యాపారమంటే ఏంటో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు. 2013లో రెడ్‌బస్‌ని ఇబిబో గ్రూపు కొనుక్కుంది. ఆ తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా చేశారు.

మా గుమస్తా గారి సంగతికి వస్తే, ఆయన దగ్గర నేర్చుకున్నవి ఏ ప్రోగ్రామ్‌లోనూ చెప్పరు. కొత్త సరుకు దిగే సీజన్లో స్టోరేజీ ఓనరు దగ్గరికి సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వెళ్లొద్దన్నారు, ఆయన గేటు దగ్గర లారీల లెక్కలో ఉంటాడట. వానాకాలంలో, ఖాళీగా కూర్చుని పేపరు తిరగేసే వేళ వెళ్లమన్నారు. ఇంకోటి: యాప్ గురించి ఓనరుకి చెప్పేముందు లోపలి గుమస్తాకి చెప్పాలి. తన ఉద్యోగం పోతుందని అనుమానం వచ్చిందా, మొదటి వారంలోనే "కంప్యూటర్ లెక్క తప్పు చూపిస్తోందండీ" అని ఓనరు చెవిలో వేస్తాడు. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చెబుతున్నాడు మరి.

వీళ్లతో చిక్కల్లా ఒకటే. ఏది ఎందుకు కుదరదో వీళ్లకి బాగా తెలుసు. కుదరనిది ఎలా కుదిరిద్దామన్నది వీళ్ల పని కాదు, మీ పని. "వద్దు" అన్నప్పుడు ఆగిపోకుండా "ఎందుకని?" అని మూడుసార్లు అడగండి. మూడో జవాబులో అసలు కారణం బయటపడుతుంది. ఒక్కోసారి ఆ కారణం పోయి పదేళ్లవుతుంది.

రంగం తెలిసి తీరాలన్నదీ ఇనుప సూత్రం కాదు. కొలంబియా యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి, తర్వాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇన్‌ట్యూట్‌కి సీఈవో అయిన బిల్ క్యాంప్‌బెల్ ఇంజినీరు కాదు. 2016లో చనిపోయేదాకా సిలికాన్ వ్యాలీలో యాపిల్ స్టీవ్ జాబ్స్, గూగుల్ లారీ పేజ్, ఎరిక్ ష్మిట్ లాంటివాళ్లకి సలహాలిచ్చింది ఆయనే. వాళ్లకి టెక్నాలజీలో మెంటర్ అవసరం లేదు. మనుషుల మధ్య వచ్చే పేచీల్లో కావాలి. మీ సమస్య కో-ఫౌండర్‌తో గొడవైతే మిర్చి గురించి తెలిసిన మనిషి ఏం చేస్తాడు?

## ఇన్వెస్టర్ మెంటర్ అయితే

డబ్బు పెట్టిన మనిషి శ్రద్ధ చూపిస్తాడు, ఇందులో అనుమానం లేదు. తర్వాతి రౌండు పెట్టుబడికి పరిచయాలు, టర్మ్ షీటులో (పెట్టుబడి షరతుల కాగితం) ఏ క్లాజు ప్రమాదమో చెప్పడం, నెలనెలా లెక్కలు పంపే అలవాటు చేయించడం వీళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

కానీ ఈయనకి చెడ్డవార్త చెప్పడానికి నోరు రాదు. రాకపోవడం సహజం. అమ్మకాలు సగానికి పడిపోయిన నెలలో ఇన్వెస్టర్‌కి పంపిన మెయిల్లో నేను "కొన్ని ఒడిదుడుకులు" అని రాశాను. అక్కకి ఫోన్ చేసి అరగంట గోడు వెళ్లబోసుకున్నాను. రెండోది, దారులు వేరయ్యే రోజొకటి వస్తుంది. మీకు పది కోట్లకి అమ్మేసి బయటపడితే జీవితం సెటిలవుతుంది. ఆయనకి పది కంపెనీల్లో ఒకటి వంద కోట్లైతేనే మిగతావాటి నష్టం పూడుతుంది. ఆ రోజు ఆయన ఇచ్చే సలహా నిజాయితీగానే ఉంటుంది, కాకపోతే ఆయన లెక్క ప్రకారం. కాబట్టి ఇన్వెస్టర్ ఉన్నా సరే, వాటా లేని మనిషి ఇంకొకరు ఉండాలి.

## ఇంక్యుబేటర్ మెంటర్లు

తెలంగాణ ప్రభుత్వ ఇంక్యుబేటర్ టీ-హబ్ 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో మొదలైన రోజులకీ ఇవాళ్టికీ పోలికే లేదు. 2022లో రాయదుర్గంలో సొంత భవనం వచ్చింది. మహిళా ఫౌండర్ల కోసం 2018 నుంచి వీ-హబ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025లో మొదలైంది. ఎక్కడికీ వెళ్లలేనివాళ్లకి కేంద్ర ప్రభుత్వపు స్టార్టప్ ఇండియా కింద మార్గ్ అనే పోర్టల్ ఉంది, మెంటర్లకి అక్కడ ఉచితంగా రిక్వెస్ట్ పెట్టుకోవచ్చు.

నా అభిప్రాయంలో, మీ రంగానికే పరిమితమైన ఇంక్యుబేటర్ ఉంటే ముందు దాని తలుపు తట్టాలి. వ్యవసాయమైతే రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్‌లో ఉన్న ఎ-ఐడియా, లేదా పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోని అగ్రిబిజినెస్ ఇంక్యుబేటర్. బయోటెక్ అయితే జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్. అక్కడ మెంటర్‌తో పాటు ల్యాబు కూడా దొరుకుతుంది, బయోటెక్ వాళ్లకి సలహా కంటే అదే ముఖ్యం.

అన్నిచోట్లా ఉండే ప్రమాదం ఒకటుంది. యాక్సిలరేటర్ల (కొన్ని నెలల్లో స్టార్టప్‌లకి ఊపునిచ్చే ప్రోగ్రాముల) భాషలో దాన్ని మెంటర్ విప్‌లాష్ అంటారు, విప్‌లాష్ అంటే ఒక్కసారిగా అటూ ఇటూ ఊగి మెడకి తగిలే దెబ్బ. సోమవారం ఒకాయన సబ్‌స్క్రిప్షన్ పెట్టమంటారు, మంగళవారం ఇంకొకాయన అది వద్దంటారు, బుధవారం మూడో ఆయన అసలు ఐడియానే మార్చమంటారు. గురువారానికి ఫౌండర్ మెడ పట్టేస్తుంది. అలాంటప్పుడు ఎవరి సలహా గొప్పదని తూకం వేయకండి. ముగ్గురూ ఏ ప్రశ్న దగ్గర ఆగారో చూడండి. ముగ్గురికీ ధర దగ్గరే అనుమానం వచ్చిందంటే, ముగ్గురి సలహాలూ తప్పైనా మీ ధరలో తేడా ఉన్నట్టే.

## అమెరికాలో ఉన్న బాబాయ్

తెలుగు ఇళ్లలో ఈ పాత్ర లేకుండా స్టార్టప్ కథ నడవదు. బే ఏరియాలోనో డాలస్‌లోనో పెద్ద కంపెనీలో డైరెక్టర్. శనివారం ఉదయం మనకి వీడియో కాల్, ఆయనకి శుక్రవారం రాత్రి. మీ కస్టమర్లు అమెరికా కంపెనీలైతే ఈ మనిషి బంగారం. ఫలానా ఉద్యోగి ఏ బడ్జెట్ మీద సంతకం పెట్టగలడో, ఈమెయిల్ ఎంత పొట్టిగా ఉండాలో ఆయనకి తెలుసు. కస్టమర్ నరసరావుపేటలో ఉంటే మాత్రం, "ఆన్‌లైన్లో డెమో ఇచ్చేసెయ్, వాళ్లే సైనప్ అవుతారు" అన్న సలహా విని నవ్వుకోవాల్సిందే.

ఇంకో ఇబ్బంది, ఆయన్ని మార్చలేం. మెంటర్‌తో పొసగకపోతే మానేయొచ్చు, బాబాయ్‌తో ఎలా మానేస్తారు? అందుకని ఆయన్ని మెంటర్ అనకండి. ఇద్దరు మనుషులకి పరిచయం చేయమని అడగండి. ఆయనకీ సంతోషం, మీకూ పని జరుగుతుంది.

## ఫీజు తీసుకునే కోచ్

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సేల్స్ కాల్ ఎలా చేయాలి, ఇద్దరు ఫౌండర్ల మధ్య మాటలు ఎలా కలపాలి లాంటి ఒక్క పనికి, ఇన్ని గంటలకి, ఇంత అని మాట్లాడుకుంటే బావుంటుంది. "ముందు ఫీజు కట్టండి, ఫండింగ్ ఇప్పిస్తా" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

## మీరెవరు?

కాలేజీ టీమ్. ఫైనలియర్ ప్రాజెక్టునే కంపెనీ చేద్దామనుకునేవాళ్లకి ముందు కావాల్సింది కస్టమర్. ఇంక్యుబేటర్‌లో చోటుతో పాటు, ఆ రంగంలో పని చేసే ఒక్క మనిషిని పట్టుకోండి. పెద్ద పేర్ల జోలికి పోకండి, వాళ్ల ముందు మీరు నోరు విప్పలేరు.

హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లు. ప్రొడక్ట్ కట్టడం మీకు వచ్చు. అమ్మడం రాదు. రెండడుగులు ముందున్న ఫౌండరే మీకు సరిజోడు, అదీ సేల్స్ తెలిసినవాళ్లైతే. నెలనెలా జీతం పడే అలవాటు మానుకోవడం ఎలాగో కూడా వాళ్లనే అడగొచ్చు, సిగ్గుపడక్కర్లేదు.

కుటుంబ వ్యాపారంలో రెండో తరం. రంగం నాన్నగారికే తెలుసు, ఆ మెంటర్ ఇంట్లోనే ఉన్నారు. మీకు కావాల్సింది ఆయనకి ఎదురుచెప్పగల బయటి మనిషి. ఆయన వయసువాళ్లైతే మరీ మంచిది.

చిన్న ఊళ్లో ఉన్నవాళ్లు. నెలకోసారి హైదరాబాద్ వెళ్లి వేడుకల్లో విజిటింగ్ కార్డులు పంచడం కంటే, మీ ఊరి వ్యాపారుల్లోనే ఒకరిని ఎంచుకోండి. లెక్కల పుస్తకం చూసి వ్యాపారం ఆరోగ్యం చెప్పేవాళ్లు ఏ బజార్లోనైనా ఒకరుంటారు.

## వాటా అడిగితే

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. "మెంటరింగ్‌కి ఐదు శాతం" అన్నవాళ్లు మాకూ తగిలారు. అమెరికాలో ఫౌండర్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఫాస్ట్ ఒప్పందం ఈ విషయంలో మంచి కొలత. ఐడియా దశలో ఉన్న కంపెనీకి అడ్వైజర్ పడే శ్రమని బట్టి 0.25 నుంచి 1 శాతం దాకా. అదీ ఒక్కసారి కాదు, రెండేళ్లలో నెలనెలా జమవుతుంది. మొదటి మూడు నెలల్లో విడిపోతే ఏమీ రాదు. అర శాతం అనుకుంటే నెలకి 0.02 శాతం చొప్పున. ఐదు శాతం అడిగినాయన ముందు ఈ లెక్క పెడితే సంభాషణ త్వరగా ముగుస్తుంది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2013 కంపెనీల చట్టం కింద ఈసాప్‌లైనా (ముందే చెప్పిన ధరకి షేర్లు కొనుక్కునే హక్కు), స్వెట్ ఈక్విటీ అయినా (శ్రమకి బదులుగా ఇచ్చే షేర్లు) ఉద్యోగులకీ డైరెక్టర్లకీ ఉద్దేశించినవి. బయట ఉండి సలహా ఇచ్చే మనిషికి ఆ దారిలో ఇవ్వడం కుదరదు. నోటిమాటగా "మీకు ఒక శాతం" అనేసి, రెండేళ్ల తర్వాత ఇన్వెస్టర్ లాయరు క్యాప్ టేబుల్, అంటే ఎవరి వాటా ఎంతో చూపే పట్టిక, అడిగినప్పుడు తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. మాటిచ్చేముందే కంపెనీ సెక్రటరీతో ఒక గంట కూర్చోండి.

## మూడు కలయికల పరీక్ష

"మీరు నాకు మెంటర్‌గా ఉంటారా?" అని మొదటి రోజే అడగకండి, అవతలివాళ్లకి బరువుగా ఉంటుంది. ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి. "ధర ఐదొందలా, రెండు వేలా? మేం ఇప్పటికి పన్నెండు మందిని అడిగాం, వాళ్లు అన్నది ఇదీ" అన్నంత చిన్నదై ఉండాలి. వారంలోపు ఆ సలహా పాటించి, ఏం జరిగిందో నాలుగు లైన్ల మెసేజ్ పెట్టండి. పాటించకపోతే ఎందుకో చెప్పండి. దానికి ఆయన ఎలా స్పందిస్తారో చూస్తే మనిషి అర్థమైపోతాడు. మాట వినలేదని అలిగే మెంటర్‌తో ముందు ముందు కష్టం.

మూడోసారి కలిశాక, ఆయన గతంలో సలహాలిచ్చిన ఇద్దరితో మాట్లాడండి. ఆ ఇద్దరిలో ఒకరు కంపెనీ మూసేసినవాళ్లై ఉండాలి. మూసేసే రోజుల్లో ఆయన ఫోన్ ఎత్తారా అని అడగండి.

మా సంగతి చెప్పి ముగిస్తాను. రెండేళ్లకి మాకు నిజంగానే డబ్బు ఎత్తే పని పడింది. టర్మ్ షీటు పట్టుకుని గుమస్తా గారి దగ్గరికే పరిగెత్తితే, రెండు పేజీలు తిరగేసి "ఇది నాకు తెలీదు బాబూ, తెలిసినోళ్ల దగ్గరికి పో" అన్నారు. డెక్‌లో ఫొటో ఉన్న హైదరాబాద్ పెద్దాయనకి ఫోన్ చేశాం. ఈసారి మార్కెట్ సైజ్ మాట ఎత్తలేదు. గంటన్నర కూర్చుని, నాలుగు క్లాజుల కింద ఎర్ర ఇంకుతో గీతలు పెట్టి ఇచ్చారు.